కాగితపు అలుగు

ఆ వీధిలో అతన్ని అందరూ తీగబ్బాయి అనేవారు. యాభై దాటి, చెవుల పక్క వెంట్రుకలు పూర్తిగా నెరిసిన మనిషిని అబ్బాయి అనడంలో వాళ్ళకేమీ ఎబ్బెట్టు తోచలేదు. అతనికీ తోచలేదు. పిలుపును సవరించాలంటే మనిషికి ముందు తన గురించి ఒక అభిప్రాయం ఉండాలి. అతనికి తీగ గురించి తప్ప దేని గురించీ గట్టి అభిప్రాయాలు లేవు.

కళ్ళద్దాల దుకాణం పైన, ఇనప మెట్లెక్కితే వచ్చే గది అతని పనిచోటు. అందులో సగం అతనిది, సగం బావది. అతని సగంలో చిన్న కొలిమి పెట్టె, నీళ్ళ బకెట్టు, వరసగా మేకులు దిగిన ఇనప పలక, పట్టకార్లు. బావ సగంలో కాగితాలు, మడత నొక్కే ఎముక బద్ద, తడి స్పాంజి. గదికున్న ఒక్క కిటికీ బావ సగంలోకి వచ్చింది. అది ఎప్పుడూ మూసే ఉండేది. తేమ గాలి కాగితం ఒంటికి పడదని బావ ఏనాడో తీర్మానించాడు. కొలిమి వేడికి తీగబ్బాయి చొక్కా తడిసి ముద్దవుతున్నా ఆ తీర్మానం సడలలేదు.

ఇద్దరూ కలిసి చేసేవి కదిలే కాగితపు బొమ్మలు. బట్టల దుకాణం అద్దం వెనక రెక్క ఎత్తి దించే కొంగ, గడియారాల కొట్లో విచ్చుకుని ముడుచుకునే పువ్వు, అలాంటివి. వాటికి మోటారు లేదు, చప్పుడు లేదు. కడుపులో వెంట్రుక కన్నా కాస్త లావైన తీగ ఒకటి ఉంటుంది, అంతే. ఆ తీగను కావలసిన ఆకారంలో పలక మీది మేకులకు బిగించి, కొలిమిలో బాగా కాగనిచ్చి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే ఆ ఆకారం దానికి పట్టుబడిపోతుంది. ఆ తర్వాత చల్లగా ఉన్నంతసేపూ ఎటు వంచితే అటు వంగుతుంది. కొద్దిగా కరెంటు తగిలి వేడెక్కిందంటే మాత్రం ఇక ఎవరి మాటా వినదు. కొలిమిలో నేర్చిన ఆకారానికే వెళ్ళి నిలబడుతుంది.

ఈ సంగతి విన్నవాళ్ళు ఆశ్చర్యపోయి అక్కడితో ఆగిపోయేవారు. అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. తీగకు వెళ్ళడమే తెలుసు, రావడం తెలియదు. కరెంటు ఆపితే మెత్తబడి, ఉన్నచోటే ఉండిపోతుంది. దాన్ని వెనక్కి లాక్కొచ్చేది కాగితం. ఎంత విప్పినా మళ్ళీ మూసుకోవాలనే బిగువు మడతలో ఉంటేనే కొంగ రెక్క దించుతుంది, పువ్వు ముడుచుకుంటుంది. ఆ బిగువు బావ వేళ్ళలోంచి వచ్చేది. కాగితాన్ని ఎంత తడపాలో, ఏ మడతను ముందు నొక్కాలో, ఆరే లోపు ఎక్కడ వదిలేయాలో అతను ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టాడని కాదు. అడిగితే చేసి చూపించేవాడు. చూసినవాళ్ళకు చూసినంత మేరకే వచ్చేది.

"నువ్వు తలుపు తెరిచేవాడివి మాత్రమేరా. ఇల్లు నాది" అనేవాడు బావ.

"తెరిచేవాడు లేకపోతే నీ ఇల్లు గోడౌను బావా."

"గోడౌనుకైనా అద్దె వస్తుంది. నీ తీగకేం వస్తుంది? వేడి."

మధ్యాహ్నం భోజనం క్యారియర్ తెచ్చే అక్క, ఈ వాదన మెట్ల మీదనుంచే విని, "పెళ్ళి నాతో, కాపురం మా తమ్ముడితో. ఇంతమాత్రానికి నన్నెందుకు కట్టుకున్నట్టో" అంటూ గిన్నెలు విప్పేది. నిజానికి ఆ ఇద్దర్నీ కలిపింది ఆమే. తమ్ముడు ఫ్యాన్లకు తీగ చుట్టే షాపులో పనిచేసేవాడు, మొగుడు చెప్పుల అట్టపెట్టెలు మడిచే కార్ఖానాలో పనిచేసేవాడు. ఇద్దరి పనులూ ఒకే ఏడాది పోయాయి. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని నిట్టూర్పులు విడుస్తుంటే చూడలేక, ఏదో ఒకటి చెయ్యండని ఆమె కసిరింది. అప్పుడు చేసిన ఏదో ఒకటే ఈ పని.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉండేది. తీగ బిగించడం పూర్తవగానే తీగబ్బాయి బొమ్మను ఒకసారి ఆడించి చూసేవాడు. రెండోసారి చూసేవాడు. మూడోసారి మీట మీద వేలు పెట్టేలోపు బావ లేచొచ్చి, బొమ్మను లాక్కుని, బీరువా మీద పెట్టి, పాత పంచె గుడ్డ కప్పేసేవాడు. కప్పిన బొమ్మను దుకాణానికి తీసుకెళ్ళేదాకా ఎవరూ ముట్టకూడదు. "ఊరికే ఆడిస్తే కాగితానికి ఒళ్ళు నొప్పులొస్తాయి" అనేవాడు నవ్వుతూ. అది వేళాకోళంగానే చెప్పేవాడు కనుక తీగబ్బాయి వేళాకోళంగానే విన్నాడు. ఏ మడతకైనా కొన్ని కదలికల ఆయుష్షు మాత్రమే ఉంటుందనీ, పరీక్ష కోసం ఆడించినా జనం కోసం ఆడించినా అందులోంచే తరుగుతుందనీ అతనికి తెలియక కాదు. తెలిసిన విషయాన్ని లెక్కలోకి తీసుకోవలసిన బాధ్యత ఎప్పుడూ అవతలి మనిషిది కావడం వల్ల అతనికి ఆ అలవాటు లేకుండా పోయింది. ఒకరి తెలివి మీద మరొకరు ఇలా ఆనుకుని బతకడాన్ని మనం అన్యోన్యం అంటాం. అందులో కొంత సోమరితనం కూడా ఉంటుంది.

దుకాణాల బొమ్మలకు ఒక సీజనే జీవితం. కొత్త సరుకు రాగానే పాత కొంగ చెత్తబుట్టలోకి పోయేది. బావ దాన్ని పట్టించుకునేవాడు కాదు. తీగబ్బాయి మాత్రం ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వెనక సందులోకి ఒకసారి తొంగిచూసి, తీగ దొరికితే తెచ్చుకునేవాడు. కాగితం ఎప్పుడూ దొరికేది కాదు.

అందువల్ల జంతువుల ప్రదర్శనశాలవాళ్ళు పిల్లల గదికి బొమ్మ కావాలని కబురు చేసినప్పుడు అతనికి కాలు నిలవలేదు. గాజు పెట్టెలో పెడతారట. మీట నొక్కితే కదలాలట. సీజను కాదు, ఎప్పటికీ ఉంటుందట. వాళ్ళు అడిగింది అలుగును. ఒళ్ళంతా పొలుసులుండి, భయపడితే ముక్కును తోక కింద దాచుకుని ఉండలా చుట్టుకుపోయే జంతువది. మీట నొక్కితే ఆ ఉండ విప్పుకుని అలుగు కనిపించాలి, వదిలితే మళ్ళీ ఉండ కావాలి.

బావ దాన్ని ఒకే కాగితంలోంచి మడిచాడు. పొలుసు మీద పొలుసు, వేటికవి విడిగా లేచేలా, అతికింపు అన్నది లేకుండా. పనిలో మునిగినన్ని రోజులూ అతను బావమరిదిని ఆటపట్టించలేదంటే అదెంత కష్టమైన పనో ఊహించుకోవచ్చు. పూర్తయ్యాక మాత్రం ఉండను అరచేతిలో దొర్లించి చూపించి, "విప్పగలిగితే విప్పు" అన్నాడు. పొట్ట దగ్గర తీగ దూరేందుకు సన్నని చీలిక వదిలాడు. మర్నాడు పొద్దున ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ పడిపోయాడు. అక్క వెళ్ళి చూసేసరికి కుడిచెయ్యి, కుడికాలు, మూతి కుడివైపు అతనివి కాకుండా పోయాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆ చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టారు. పిసకమన్నారు. బంతి చేతిలో ఉండేది, చెయ్యి ఒళ్ళో ఉండేది. ఒకదానితో మరొకదానికి సంబంధం ఉన్నట్టు కనిపించేది కాదు. వైద్యం చేసిన ఆయన అక్కతో మెల్లగా, అబద్ధం లేకుండా మాట్లాడాడు. నడక కొంత రావచ్చు. మాట కొంత రావచ్చు. వేళ్ళ సంగతి ఆశ పెట్టుకోవద్దు.

తీగబ్బాయి ఒంటరిగా గదికి వెళ్ళి అలుగు కడుపులోకి తీగ దూర్చాడు. వీపు పొడవునా నిటారుగా నిలవడం నేర్పిన తీగ అది. కరెంటు తగలగానే ఉండలోంచి మొదట ముక్కు బయటికి వచ్చింది. తర్వాత మెడ, వీపు, ఒక్కో పొలుసూ లేస్తూ, ఎవరో పేక ముక్కలు కలుపుతున్నట్టు సన్నగా చప్పుడు చేస్తూ తోక దాకా విప్పుకుంది. మీట వదిలాడు. ఒక్క ఊపిరి మేర ఆగి, అలుగు చుట్టుకోసాగింది. తోక ముందు వంగింది, తల వెతుక్కుంటూ వచ్చి దాని కింద దూరింది. చుట్టుకున్న ఉండ ఎడమవైపుకు కాస్త ఒరిగింది. కుర్చీలో బావ కూర్చునే తీరు సరిగ్గా అదే.

విప్పుకోవడం తన పని. చుట్టుకోవడం బావది. ఆ గదిలో ఇప్పుడు బావ అంటూ ఉన్నది ఆ కదలిక ఒక్కటే.

అతను రెండోసారి మీట నొక్కాడు. మూడోసారి నొక్కేముందు అలవాటుగా వెనక్కి చూశాడు. ఎవరూ లేచి రాలేదు.

అప్పటినుంచి రోజూ గదికి రాగానే అలుగును ఆడించేవాడు. వెళ్ళేముందు మళ్ళీ ఆడించేవాడు. కారణం అడిగితే చెప్పడానికి అతని దగ్గర సమాధానం ఉంది. ప్రదర్శనశాలకు పిల్లలు వస్తారు, పిల్లలు మీటను ఊరుకోనివ్వరు, పని నమ్మకంగా ఉండాలి. ఒకసారి చుట్టుకుంది కాబట్టి మళ్ళీ చుట్టుకుంటుందన్న నమ్మకం కుదరడానికి మరోసారి చూడాలి. ఆ చూసిన దానిమీద నమ్మకం సాయంత్రానికి పలచబడేది. నమ్మకం నిలవ ఉండే సరుకు కాదు. దాన్ని పోగుచేస్తున్నానని అనుకునేవాడు తాను ఖర్చు పెడుతున్నది ఏమిటో చూసుకోడు. బీరువా మీది పంచె గుడ్డ మడత పెట్టినది పెట్టినట్టే ఉంది. దాన్ని తీసి కప్పవచ్చునని అతనికి తోచలేదు. అది బావ చేసే పని.

ఒక ఆదివారం అక్క అంది: "రోజంతా గోడకేసి చూస్తున్నారు. ఆ బొమ్మేదో తెచ్చి చూపించరాదూ? పాపం, ఆయన చేసిందేగా."

అట్టపెట్టెలో అలుగును పెట్టుకుని, బ్యాటరీ చంకన పెట్టుకుని వెళ్ళాడు. బావ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం అక్క గీసినట్టుంది, అక్కడక్కడా మిగిలింది.

"మా అక్క చేతి పనా ఇది? గొర్రెకి బొచ్చు తీసినట్టుంది" అన్నాడు తీగబ్బాయి, బావ గడ్డం చూస్తూ.

"ఏం, రేపట్నుంచి నువ్వొచ్చి గియ్యి" అంది అక్క.

బావ మూతి ఎడమవైపు మాత్రం కదిలింది. "తెరిచేవాడు... వచ్చాడు" అన్నాడు. మాటలు నానిన అట్టలా సాగుతున్నాయి, కాని అర్థమవుతున్నాయి.

మంచం మీద, అతని మోకాలి పక్కన అలుగును పెట్టి ఆడించాడు. ముక్కు వచ్చింది, వీపు వచ్చింది, తోక వచ్చింది. బావ దాన్ని చూడటం లేదు. మీట వదిలి అది వెనక్కి చుట్టుకోవడం మొదలయ్యాక చూశాడు. తల తోక కింద దూరేదాకా రెప్ప వేయలేదు. తర్వాత నవ్వాడు. పడిపోయిన దగ్గరనుంచి అది మొదటి నవ్వని అక్క తమ్ముడి భుజం పట్టుకుని చెప్పింది.

"ఇంకోసారి" అన్నాడు బావ.

తీగబ్బాయి ఆడించాడు.

"ఇంకోసారి."

అతని వేలు మీట మీద ఆగింది. ఆ నోటినుంచి అతను అన్నేళ్ళూ విన్నది "చాల్లే" అన్న మాటే. ఇప్పుడూ అదే వస్తుందని, బొమ్మను లాక్కోవడానికి ఎడమచెయ్యైనా లేస్తుందని ఎదురుచూశాడు. బావ కళ్ళు మాత్రం ఆ ఉండను వదలడం లేదు.

"ఒళ్ళు నొప్పులొస్తాయేమో బావా" అన్నాడు, నవ్వుతూనే.

"రానీ" అన్నాడు బావ.

"అడుగుతున్నారు కదరా, నీ సొమ్మేం పోయింది?" అంది అక్క.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా అలుగు మంచం మీద విప్పుకుంటూ చుట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అట్టపెట్టె చంకన పెట్టుకుని వెళ్ళడం అతని దినచర్య అయింది. ఆ కాసేపూ బావ అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాడు. అక్క ముఖంలో కళ కనిపించేది. కాదనడానికి కావలసినంత గట్టి గుండె అతనికి లేదు. ఎవరికైనా ఉంటుందని చెప్పలేను.

బొమ్మను అప్పగించే వారంలో ఒకరోజు తల తోక కిందికి పూర్తిగా దూరలేదు. మబ్బు పట్టింది, తేమ అనుకున్నాడు. కొలిమి పక్కన వెచ్చగా ఉంచాడు. మర్నాడు తల ఇంకాస్త ముందే ఆగిపోయింది. ఎముక బద్ద తీసుకుని బావ మడతల మీద తనే నొక్కాడు. గీత పదునెక్కింది, బిగువు మాత్రం ఇంకా జారింది. నొక్కుతుండగానే ఆ సంగతి వేలికి తెలిసి చెయ్యి తీసేశాడు. వెనక్కి లాగేందుకు మరో తీగ పెడదామంటే చోటు లేదు. చోటు చేయాలంటే పొలుసులు విప్పాలి. విప్పినవాటిని మడిచేవాడు మంచం మీద ఉన్నాడు. ఆ సాయంత్రం అట్టపెట్టె లేకుండా వెళ్ళి, ప్రదర్శనశాలవాళ్ళు ముందే తీసుకెళ్ళారని చెప్పాడు. బావ ఆ పూట అన్నం రెండు ముద్దలకే చాలన్నాడు.

ప్రదర్శనశాల పిల్లల గదిలో గాజు పెట్టె సిద్ధంగా ఉంది. పొడిగాలి ఉండేలా అడుగున ఏర్పాటు కూడా చేశారు. ఆ పొడిగాలి కాగితాన్ని మళ్ళీ నిలబెడుతుందేమోనన్న ఆశ అతన్ని అక్కడిదాకా నడిపించింది. వైర్లు కలిపి పక్కకు జరిగాడు. అక్కడి పెద్ద అధికారిణి, పొట్టి జుట్టు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు, తనే వచ్చి మీట నొక్కింది. అలుగు విప్పుకుంది. ఒక్క పొలుసూ తడబడలేదు.

"అబ్బ, ఎంత బాగా లేచిందండీ" అంది ఆమె. మీట వదిలి, చేతులు కట్టుకుని చూసింది. కాసేపాగి, "ఇప్పుడు చుట్టుకుంటుందా?" అని అడిగింది.

"చుట్టుకోవాలండీ."

ఇద్దరూ నిలబడి చూశారు. తోక కొద్దిగా వణికింది. అంతే.

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. మడతలు అలిసిపోయాయని, మళ్ళీ మడిచే మనిషికి చెయ్యి లేదని, తప్పు తనదేనని. ఆమె కోప్పడలేదు. గాజుకు దగ్గరగా వంగి అలుగు ముఖం చూసింది. "పోనీలెండి. ఇలాగే ఉండనిద్దాం. చుట్టుకుపోతే ముఖం కనిపించదు కూడా. పిల్లలకు ముఖమే కావాలి" అంది. మీట తీసేసి, ఆ చోట ఒక బిళ్ళ బిగించమని పనివాళ్ళకు చెప్పింది. ఆమె మంచితనాన్ని అతను నిలబడి భరించాడు. పొట్టను దాచుకోలేక, ముక్కు ముందుకు చాచి, వెలుతురులో వెల్లకిలా కానట్టూ బోర్లా కానట్టూ పడి ఉన్న ఆ జంతువుకు ఇక భయపడే వీలు కూడా లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క బయట బట్టలు తీస్తోంది. బొమ్మను ముందే తీసుకెళ్ళారన్న మాట బావ నమ్మినట్టు లేదు, అతని ఖాళీ చేతుల వంక చూశాడు.

"చుట్టుకుందా?"

అబద్ధం గడప దాకా సిద్ధం చేసుకునే వచ్చాడు. గదిలో అది పనికిరాకుండా పోయింది.

"లేదు బావా. నేనే అరగదీశాను. నువ్వు లేనప్పుడు రోజూ..."

"నేనూ అడిగాగా" అన్నాడు బావ.

బావ ఒళ్ళో బంతి జారి మంచం కిందికి పోయింది. తీగబ్బాయి వంగి తీసి మళ్ళీ చేతిలో పెట్టి, వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ మూశాడు. వదలగానే అవి తెరుచుకున్నాయి.

"తీగ తీసి చూడు" అన్నాడు బావ చివరికి. ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పాడు. చల్లారినా తీగలో కాస్త మొండితనం మిగులుతుంది. కాగితంలో ఏ కొంచెమో బిగువు ఉండి, దాన్ని వంచలేక ఆగిందేమో. తీసేస్తే, మీట లేకపోయినా, కనీసం తనంతట తను చుట్టుకుని ఉంటుందేమో. చెప్తున్నంతసేపూ అతను బావమరిది ముఖం చూడలేదు. బావమరిది కూడా అది సాధ్యమేనని ఒప్పుకున్నాడు. పూర్తిగా అసాధ్యమేమీ కాదు.

ప్రదర్శనశాలకు సెలవు రోజున వెళ్ళాడు. తాళాల గుత్తి పట్టుకున్న కాపలాదారు గాజు పెట్టె తెరిచి, పక్కన గోడకానుకుని నిలబడ్డాడు. "రిపేరా?" అని అడిగాడు.

"కాదండీ. ఒక తీగ తియ్యాలి."

పొట్ట చీలికలో పట్టకారు పెట్టి, కొస దొరకబుచ్చుకుని, ఊపిరి బిగబట్టి లాగాడు. తీగ ఏ పొలుసునూ తాకకుండా పొడుగ్గా వచ్చేసింది. అలుగులో తనదంటూ ఉన్నదంతా ఇప్పుడు పట్టకారు చివర వేలాడుతోంది. మిగిలింది బావదే. చేతులు వెనక్కి తీసుకుని, గాలి తగలకుండా ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు.

తోక దగ్గర ఏదైనా కదిలితే తనకు తెలుస్తుంది. కాగితం మెల్లగా మేలుకునే సందర్భాలూ ఉంటాయి. కాపలాదారు ఆవులించాడు, తాళాల గుత్తి ఒక చేతినుంచి మరో చేతికి మార్చుకున్నాడు, గది అవతలి కొసదాకా నడిచివెళ్ళి తిరిగొచ్చాడు. అలుగు తీగ ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని ఏదీ ఆపడం లేదు.

"అయిందా అన్నా? పెట్టె మూసెయ్యనా?"

తీగబ్బాయి ఇంకొంచెంసేపు చూశాడు.

"మూసెయ్యండి" అన్నాడు.